విజయదశమి నాడు నేను నొక్కిన స్విచ్

నా అజ్ఞానాన్ని ముందే ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లు ప్రొద్దుటూరులో ట్యాక్స్ ప్రాక్టీషనరుగా ఊళ్లోవాళ్ల లెక్కల్లో తప్పులు వెతికి అన్నం తిన్నవాణ్ణి, నామీద సాక్ష్యానికి నేనే నంబరు వేసి ఫైలులో పెట్టాను.

2018 వేసవిలో ఆ ఫైలు స్క్రూటినీకి వచ్చింది. అంటే రిటర్నును అధికారి కాగితం కాగితం తిప్పి పరీక్షించడం. ఫైలు జమ్మలమడుగులో నాపరాళ్ల పాలిష్ యూనిట్ నడిపే నాగిరెడ్డిది. మూడేళ్ల కిందట అతను బ్యాంకు అప్పుతో పాలిష్ మిషను కొన్నాడు. యంత్రం అరుగుతుంది గనుక ఏటా పదిహేను శాతం తరుగుదల కింద ఆదాయంలోంచి తీసేయవచ్చు. కాని కొన్న ఏడు అది నూట ఎనభై రోజులకన్నా తక్కువ వాడుకలో ఉంటే సగమే. మార్చి ఆఖరు నుంచి వెనక్కి లెక్కిస్తే, అక్టోబరు మొదట్లోగా స్విచ్ పడాలన్నమాట. బిల్లు సెప్టెంబరుది. నేను నిశ్చింతగా పూర్తి తరుగుదల వేశాను.

అధికారి గుంటూరు వైపు మనిషి, మర్యాద ఎక్కువ. ఖర్చుల వోచర్లు తిప్పుతూ ఒక పసుపు రాసిన కార్డు తీశారు. షామియానా, భోజనాల ఖర్చుకు ఆధారంగా నేనే జతపరిచిన ఆహ్వానపత్రిక. "విజయదశమి శుభదినాన నూతన యంత్ర ప్రారంభం. స్విచ్ నొక్కువారు..." దాకా చదివి, నావైపు చూసి, "తమరేనాండీ?" అన్నారు.

నేనే. శాలువా కప్పించుకుని, స్విచ్ నొక్కి, మూడు ఓళిగలు తిన్నది నేనే. ఓళిగలు గుర్తున్నాయి, పండగ ఆ ఏడు అక్టోబరు ఇరవై దాటాకే వచ్చిందన్న సంగతి లేదు. తరుగుదల యంత్రాలకే అనుకునేవాణ్ణి. ఆ గదిలో నా పరువుకూ వర్తించింది, అదీ పూర్తి రేటున.

పక్కన నాగిరెడ్డి ఊరుకున్నాడా? "మిషను సెప్టెంబరు ఆఖర్లోనే దిగింది సార్. మహాలయ పక్షం గదా, పెద్దల దినాలు. ఆ దినాలల్లో యా మొనగాడన్నా స్విచ్ ఏస్తాడా? టార్పాలు కప్పి పెట్టినాం" అని సగర్వంగా చెప్పి, పండక్కి ముందే నడిపి చూశారని వాదించడానికి నాకు మిగిలిన ఒక్క సందూ మూసేశాడు.

కావాలని చేసిన మోసమని అధికారి రాస్తే జరిమానా పడుతుంది. బ్యాంకు వాయిదాలకే ఎగశ్వాసతో ఉన్న యూనిట్ మూతపడుతుంది. పొరపాటు నాదని రాసిచ్చాను. మోసగాడు కార్డు జతపరచడని అధికారి తేల్చారు. మాకు వకాల్తా పుచ్చుకున్నది నా తెలివితక్కువే. సగం తరుగుదల కొట్టేసి, పన్నూ వడ్డీలతో వదిలారు. నిజానికి ఆ సగం ఎక్కడికీ పోయేది కాదు, తర్వాతి ఏళ్లల్లో మెల్లగా దక్కేదే.

బయటికొచ్చాక నాగిరెడ్డి, "ఏంది సామీ, స్విచ్ నొక్కినోడివి, నీకే తెలీకపాయెనా?" అన్నాడు. అదే మాట పులివెందుల టీ అంగళ్ల దాకా మోశాడు.

బిల్లు కొన్నదానికి సాక్ష్యం, వాడినదానికి కాదు. ఆ తర్వాత ఉత్పత్తి రిజిస్టరు, కరెంటు బిల్లు చూడనిదే నేను ఏ యంత్రానికీ తరుగుదల వేయలేదు.

మరుసటి ఏడు సెప్టెంబరులో నాగిరెడ్డి రాళ్లు కోసే మిషను కొని, దసరాకు ప్రారంభమంటూ కార్డు నమూనాతో వచ్చాడు. నేను క్యాలెండరు తిప్పి, పూర్తి తరుగుదల కావాలంటే ఈ శనివారమే స్విచ్ వేయమన్నాను.

"ఆ పొద్దు మహాలయ అమావాస్య సామీ! కొంప మునగదా?"

"సగం చాలనుకుంటే దసరాకే పెట్టుకో అప్పా."

శనివారం అతను కళ్లు మూసుకుని, తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ స్విచ్ నొక్కాడు. నేను చేతులు కట్టుకుని చూశాను. మర్నాటినుంచే నవరాత్రులు. గడువు ఇంకా ఐదారు రోజులుంది. ఆ సంగతి అతనికి నేను ఈనాటికీ చెప్పలేదు.