ఇక్కడే తీసుకుంటారన్నాను

సైన్యంలో చేరాలనుకున్న ఒక కుర్రాడి దారికి నేను అడ్డం పడ్డాను. అడ్డం పడింది నేనేనని అతనికి ఇప్పటికీ తెలియదు. నాలుగేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. పెళ్లి చేసుకోబోయే అమ్మాయికీ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు గనక. రేపు ఎదురుపడినా ఒకరినొకరం పోల్చుకోలేం గనక. ఇదీ పిరికితనమే, నాకు తెలుసు. అయినా చెబుతాను.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఏ విషయమైనా వరుసలో పెట్టుకుంటే తప్ప నాకు ఆలోచన సాగదు. ఇదీ అలాగే చెబుతాను.

విశాఖలో పోటీలూ ప్రదర్శనలూ నిర్వహించే చిన్న కంపెనీలో చేరిన కొత్త. అరకు లోయలో బురద కొండల మీద జీపుల పందెం పెట్టాం. పందేనికి డబ్బు వచ్చింది సైన్యంలో చేరమని యువకులకు చెప్పే ప్రచారం నుంచి. జీపుల తలుపుల మీద, బానెట్ల మీద, డ్రైవర్ల చొక్కాల మీద ‘దేశం నిన్ను పిలుస్తోంది’ అనే అక్షరాలు. బళ్లను సిద్ధం చేయడం, ఆ అక్షరాలు అతికించడం నా పని. దాంతోపాటు మా మేనేజర్ ఇంకో పని అప్పగించాడు. ముందు నడిచే జీపును ఏజెన్సీ కొండల కుర్రాడొకడు తోలాలి, వాడి వీడియో తీయాలి. ‘ఆ మొహం దొరికితే నీ ఉద్యోగం పర్మనెంట్’ అన్నాడు.

మొహం చింతపల్లిలో దొరికింది. పేరు మత్స్యరాజు. చింతపల్లి నుంచి గూడెం కొత్తవీధికి మనుషుల్నీ మిరియాల బస్తాల్నీ కలిపి వేసుకుని సర్వీసు జీపు తోలేవాడు. నవ్వితే కళ్లు మూసుకుపోయేవి. కెమెరాకి అంతకంటే ఏం కావాలి? అడగగానే ఒప్పుకున్నాడు. మూడు రోజులు అరకులో మాతోనే ఉన్నాడు.

పందేనికి ముందురోజు మధ్యాహ్నం, నేను టైర్లలో గాలి చూస్తుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“సారూ, రేపు నాను తోలలేనండి. వైజాగులో మిలట్రీలోకి తీసుకునే పరుగుంది. కార్డొచ్చింది. ఈ ఏడు దాటితే నాకు వయసు దాటిపోద్ది. బేగి దిగిపోవాల.”

నా లెక్క నేను వేసుకున్నాను. వీడియో పోతుంది, పర్మనెంట్ పోతుంది. అప్పుడు పక్కనే సైన్యం స్టాల్ కోసం టెంట్ వేస్తున్నారు. బల్లలు దింపుతున్నారు, బ్యానరు కడుతున్నారు. అతను అటు చూశాడు.

“అదేటి సారూ? ఆళ్ల కేంపా? ఇక్కడే తీసుకుంటారా?”

ఇక్కడ ఒక సంగతి మీకు చెప్పాలి. ఏజెన్సీలో సర్కారు పనంటే క్యాంపే. ఆధార్ అయినా, కంటి పరీక్ష అయినా, పట్టాలైనా, బల్లా బ్యానరూ కొండెక్కి వస్తాయి. కుర్చీలో కూర్చున్న మనిషి పేరు రాసుకున్నాడంటే పని మొదలైనట్టే. మైదాన ప్రాంతంలో మావాళ్లయితే ‘కాగితం చూపించు’ అనేవాళ్లు. కొండెక్కి వచ్చిన బల్లను అతను ఎందుకు అనుమానిస్తాడు? ఆ స్టాల్ వాళ్లు కరపత్రాలు పంచి, సందేహాలు తీర్చి వెళ్లిపోతారంతే. ఆ మాట వాళ్లు ఎవరడిగినా చెప్పేవాళ్లు. అతను వాళ్లను అడగలేదు. నన్ను అడిగాడు.

“ఇక్కడే తీసుకుంటారు,” అన్నాను. “నువ్వు బండి తోలడం చూశాక ఇంక పరుగెందుకు?”

కళ్లు మూసుకుపోయేలా నవ్వాడు. “అయితే మా మావకి సెప్పాల. నువ్వు పరిగెడితే నత్త కూడా దాటిపోద్దిరా అన్నాడు. జీపెక్కి మిలట్రీకి ఎల్లిపోతన్నానని సెప్తాను.”

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

మర్నాడు పొద్దున్నే తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. విశాఖ మైదానంలో అతని తోటివాళ్లు పరిగెత్తుతూ ఉండివుంటారు. ఇతను స్టాల్‌లో పేరు చెప్పి వచ్చి జీపెక్కాడు.

రెండో తప్పు దగ్గరికి వస్తున్నాను. కెమెరా ఎదురుగా ఉంటుంది కనక ప్రచారం బోర్డు బండి ముందు వైపున ఉండాలన్నాడు మేనేజర్. రేడియేటర్‌కి అడ్డంగా ఇనప చట్రం బిగించి, దాని మీద బోర్డు కట్టాను. గాలి ఆడకపోతే ఇంజను వేడెక్కుతుందని నాకు తెలియదా? పాలిటెక్నిక్ మొదటి ఏడాది పిల్లాడికి కూడా తెలుసు. చలికాలం, చిన్న దూరం, ఏం కాదులే అనుకున్నాను. బురదలో, మొదటి గేరులో, నిట్టనిలువు ఎక్కుడులో బండి నెమ్మదిగా పోతుందని, ఉన్న కొద్దిపాటి గాలీ దానికి అందదని మాత్రం ఆలోచించలేదు. కాదు, ఆలోచించాను. ఆలోచించి కట్టాను.

చివరి ఎక్కుడు మధ్యలో ఆవిరి చిమ్మి బండి ఆగిపోయింది. జనం ఈలలు వేశారు. ‘దిగి తొయ్యరా మిలట్రీ’ అని ఎవరో అరిచారు. నేను పరిగెత్తుకెళ్లి, చేసిన మొదటి పని ఆ బోర్డు ఊడదీసి పక్కన పడేయడం. రాజు స్టీరింగ్ వదలకుండా అడిగాడు, ఏమయిందని. ‘క్లచ్ మరీ నొక్కి పట్టావేమో’ అన్నాను.

బండి ఆగిపోయినా మాకు కావలసిన వీడియో దొరికింది. కింది మలుపులో బురద చిమ్ముకుంటూ, నవ్వుతూ వచ్చే ముక్క చాలు. అది ఫోన్లలో తిరిగింది. కింద అక్షరాలు: దేశం నిన్ను పిలుస్తోంది. ఆ మొహాన్ని మాత్రం ఎవరూ పిలవలేదు.

కొన్నాళ్లు ఫోన్ చేశాడు. లెటర్ ఎప్పుడొస్తుందని. ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నాను. ఎంత మంచి మాట అది. అబద్ధం కాదు, నిజం కాదు, ఎవరూ తిరిగి ప్రశ్నించలేరు. తర్వాత ఎత్తడం మానేశాను. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది.

పరుగుకి వెళ్లినా ఓడిపోయేవాడేమో? ఈ ‘ఏమో’ని దిండు కింద పెట్టుకుని చాలా రాత్రులు నిద్రపోయాను. కానీ ఓడిపోవడం కూడా అతని హక్కే కదా. పరిగెత్తి ఓడిపోతే ‘నా కాళ్లు చాల్లేదు’ అనుకుని ఊరుకునేవాడు. నేను అతన్ని అక్కడికి చేరనివ్వలేదు.

మొన్న చలికాలంలో ఆఫీసువాళ్లతో బొర్రా వెళ్లాను. గుహల దగ్గర టూరిస్టు బళ్ల వరుసలోంచి ఒకతను చెయ్యూపుతూ వచ్చాడు. రాజే. కొంచెం లావయ్యాడు.

“సారూ, గుర్తుపట్టారా? పెద్దోలయిపోయారు మీరు.” బలవంతాన టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. “మా ఊర్లో ఇప్పటికీ నన్ను మిలట్రీ అనే పిలుత్తారండి. మా ఆవిడ కూడా. కూర బాగోలేదంటే, మిలట్రీలో అయితే ఇదీ ఉండదు, తినెహె అంటది.”

నవ్వాడు. నేను ఏదో అనాలి కనక, “అప్పుడు లెటర్...” అన్నాను.

“ఏటి లెటరు సారూ. ఆళ్ల ముందే బండి ఆపేశాను గదండీ. ఎవులు తీసుకుంటారు? తప్పు నాదే. క్లచ్చి అలా తొక్కకూడదు. ఇప్పుడు కొత్త కుర్రగుంటలు నా దగ్గర బండి నేరుసుకోడానికొత్తే ముందు అదే సెప్తాను.”

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. అతను ఎదురుగా ఉన్నాడు, టీ వేడిగా ఉంది, మా ఆఫీసు బస్సు బయలుదేరడానికి ఇంకా టైముంది. ‘అలాంటిదేం కాదులే’ అన్నాను. టీ తాగాను. చెప్పి అతని మనసు ఎందుకు పాడుచేయాలని నాకు నేను సర్దిచెప్పుకుంటూ బస్సెక్కాను. ఎవరి మనసు గురించి అంత జాలిపడ్డాను? అతనిది అప్పటికే పాడయింది. తన చేతగానితనమేనని నమ్మి, దాన్ని పాఠంగా మార్చి పదిమందికి నేర్పుతున్నాడు. నేను కాపాడుకున్నది నన్నే.

అక్కడ అతనితో అనవలసిన మాటలు ఇవి. రాజూ, ఆ రోజు అరకులో ఎవరినీ తీసుకోలేదు. తీసుకోరని నాకు తెలుసు. నువ్వు విశాఖ వెళ్లాల్సింది. బండి ఆగింది నీ క్లచ్ వల్ల కాదు, నేను కట్టిన బోర్డు వల్ల. నువ్వు బాగా తోలావు.

ఇది అతనికి చేరదు. నేనూ చేరవేస్తానని మాట ఇవ్వను. నా మాటకి ఎంత విలువో మీరు చూశారు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అందుకు మీకు హక్కూ లేదు. నాలుగేళ్లలో మొదటిసారి ఆ వాక్యాలు నా చేతితో రాశాను. కొట్టివేయలేదు.