మా బామ్మర్ది కాచిన సీసాల పెట్టె

ఒక మనిషి మీద నాకు కొన్నేళ్లుగా కోపం ఉంది. స్వీడన్ నుంచి వచ్చి మా రక్తం తీసుకుపోయిన డాక్టరు ఆయన. ఏం తేలిందో చెబుతానన్నాడు, చెప్పలేదు. మొన్న ఊరి నుంచి నా భార్య ఫోన్ చేసి, "తమ్ముడు పోయిండు, కిడ్నీలు రెండు కరాబైనయట" అని ఏడ్చినప్పుడు, ఆ డాక్టరు ఎదురుగా ఉంటే గల్లా పట్టుకునేవాణ్ణి.

పోయినవాడు నా బామ్మర్ది. ఇక్కడ దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు స్టేడియానికి మేమిద్దరం కలిసి ఇనుప చువ్వలు కట్టాం. కొట్లాటలో వాడే ముందుండేవాడు. భోజనాల వరుసలో ఎవడైనా బక్కవాణ్ణి నెడితే, నెట్టినవాడి ముక్కు పగిలేది.

"మాటతోటి చెప్పరాదుర?" అంటే, "మాట ఇనేటోడైతె నూకుతడా, బావా?" అనేవాడు.

ఒకసారి ఎండదెబ్బకు నేను పడిపోతే ఫోర్‌మన్ నాటకమన్నాడు. వాడు ఆ ఫోర్‌మన్‌ను ఒక్క తోపు తోసి, నన్ను భుజాన వేసుకుని నీడకు తెచ్చాడు. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే వాడి పుణ్యమే.

ఆ ఎండాకాలం స్వీడన్ వాళ్లు ముగ్గురు మా క్యాంప్‌కు వచ్చేవారు. ఒకామె మేం పనిలో పాడుకునే పాటలు రికార్డు చేసుకునేది. ఒకాయన దోహా సముద్రం ఒడ్డున వెస్ట్ బేలో గాజు మేడలకు గుద్దుకుని చచ్చే పిట్టలను ఏరుకునేవాడు. మూడోవాడు ఈ డాక్టరు. ఎండలో పనిచేసేవాళ్ల కిడ్నీలు ఎట్లా ఉంటాయో చూస్తానన్నాడు. ఒకే దేశం వాళ్లు, ఒకరి చదువు ఒకరికి పట్టదు. మావాడు ముగ్గురికీ పనికొచ్చాడు. పాటలామెకు బూతుపాటలు పాడాడు. మెడ విరిగిన పిట్టలను తువ్వాలలో మూటగట్టి తెచ్చాడు.

"పిట్ట సావు మీద గూడ సదువుందట, బావా! మన సావు మీద ఎవడన్న సదువుతుండా?" అని నవ్వేవాడు.

డాక్టరు రక్తం, మూత్రం అడిగేసరికి మా గదిలో అందరికీ భయం పట్టుకుంది. గల్ఫ్‌కు వచ్చేముందు మెడికల్ చేస్తారు కదా, అన్‌ఫిట్ అంటే బతుకు పోయినట్టే. ఇదీ అదే అనుకుని, బార్లీ నీళ్లు కాచుకుని కడుపులుబ్బేలా తాగి, పనిలో నీడ పట్టున తిరిగి అప్పుడిచ్చాం. డాక్టరు చూసి, అందరూ బాగున్నారని సంబరపడ్డాడు.

ఆ మాటకు మావాడు మండిపడ్డాడు. బార్లీ గిన్నెను గోడకేసి కొట్టాడు. "మంచిగున్నమని రాసుకుంటుండు! పొద్దుమూకే యాళ్లకు ఉచ్చ డికాషన్ లెక్క వస్తున్నది. అది ఎవడు రాయాలె?" అని మా అందరినీ తిట్టాడు. డాక్టరును పట్టుకుని, వచ్చిన హిందీలో జరిగింది చెప్పి, మళ్లీ తీసుకొమ్మన్నాడు. ఈసారి ఎండలో డ్యూటీ మొత్తం చేసి ఇచ్చాం.

సీసాల పెట్టెను బండిలోకి ఎక్కిస్తుంటే, అందులోది బయటపడితే కంపెనీకి తిప్పలని ఫోర్‌మన్ ఇనుప పైపుతో వచ్చాడు. "యల్లా! హటో!" అని మమ్మల్ని తప్పుకొమ్మంటూ పెట్టె మీదికి పైపెత్తాడు. మా బామ్మర్ది దాని మీద బోర్లా పడ్డాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది, రెండోది చెవి మీద. రక్తం మెడ మీదుగా కారి పెట్టె మూతంతా తడిసింది. మావాడు ఫోర్‌మన్ చేతిని పళ్లతో పట్టి వదల్లేదు. మేమంతా ఫోర్‌మన్‌ను కిందపడేసి తన్నాం. పెట్టె బండెక్కింది.

"నీ పెట్టె పైలంగ తీస్కపో, సారూ," అన్నాడు మావాడు, చెవికి గుడ్డ అదుముకుంటూ. ఏం తేలిందో తప్పకుండా చెబుతానన్నాడు డాక్టరు. మావాడికి ఆ చెవితో మళ్లీ వినపడలేదు.

తర్వాత కంపెనీ కొట్లాటంతా మావాడి మీదే వేసి ఇంటికి పంపింది. ఊళ్లో ఒళ్లు ఉబ్బింది, డయాలసిస్ మీద పడ్డాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "సీసాలు ఏమన్నయట, బావా?" అని అడిగేవాడు.

ఇప్పుడు ఊరంతా ఒకటే మాట: దుబాయ్‌లో తాగి తాగి చచ్చిండని. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఊరికి దుబాయే. మందు వాసన వస్తే గదిలోంచి లేచిపోయే మనిషి వాడు. కర్మ భోజనాల్లో కూర్చుని మరీ ఆ మాట అన్నవాడి మీదికి మా బామ్మర్ది భార్య గంటె విసిరిందట. నాకు చెల్లెలి వరుస. మంచి పని చేసింది. కానీ ఎందరి మీదికి విసురుతుంది?

వాడు పోయాడని తెలిసి పాటలామె వాడి గొంతు నా ఫోన్‌కు పంపింది. పిట్టల ఆయన కూడా, వాడు ఏరిన పిట్టలు ఏ దేశాల నుంచి ఎగిరొచ్చి చచ్చాయో చెప్పి పంపాడు.

డాక్టరూ, ఇక నువ్వే మిగిలావు. మేం కట్టిన స్టేడియంలో మొదటి ఆట ఆడే రోజులోగా నాకు జవాబు కావాలి. మా చెల్లె ఆ జవాబు పట్టుకుని ఊరి నడుమ నిలబడాలి. ఆ సీసాలు చూసినవాడివి నువ్వు. చెప్పు, మావాణ్ణి తిన్నది మందా, ఎండా?