తాళాల మేస్త్రి అప్పీలు

తాళాల మేస్త్రి జీవితంలో రెండు నేరాలున్నాయి. ఒకటి చేశాడు, ఒకటి చేయలేదు. చేసినదానికి ఒక పూట శిక్ష పడింది, చేయనిదానికి మూడేళ్ళు.

చేసిన నేరం ఇరవయ్యో ఏట జరిగింది. కొత్తగా పని నేర్చిన ఉత్సాహంలో, వీధి చివర నిలబెట్టిన సైకిల్ తాళం తీసి, రెండు వీధులు తొక్కి, తిరిగి తెచ్చి యథాస్థానంలో పెడుతూ దొరికాడు. కోర్టులో అడిగితే "నేనే తీశానయ్యా" అన్నాడు. కోర్టు లేచేదాకా బల్ల మీద కూర్చోవాలని శిక్ష వేశారు. సాయంత్రం కోర్టు లేచింది, ఆయనా లేచి ఇంటికి వెళ్ళాడు. ఆ సంగతి ఆయన తప్ప లోకమంతా మరిచిపోయింది.

చేయని నేరం పాతికేళ్ళ తరవాతది. ఒక పొద్దున ఎవరో ఒకతను వచ్చి, "తాళంచెవి లోపలే ఉండిపోయింది, తలుపు తియ్యాలి" అని పిలుచుకెళ్ళాడు. ఒంటి మీద బనీను, భుజాన తువ్వాలు, నోట్లో బ్రష్షు. నురగ కారుతున్న నోటితో గుమ్మంలో నిలబడ్డవాడు ఇంటి యజమాని కాడని కనిపెట్టే పరికరం మేస్త్రి సంచీలో లేదు. తలుపు తీసి వచ్చేశాడు. అసలు యజమానులు ఊరి నుంచి వచ్చేసరికి ఇంట్లో గోడలు మాత్రం మిగిలాయి. బ్రష్షు మనిషి దొరకలేదు. మేస్త్రి వెంటనే దొరికాడు, చిరునామా ఆయన దుకాణం మీద పెద్దక్షరాలతో రాసే ఉంది కదా.

మొదటి కోర్టు, పాత శిక్షలేవీ లేవని రాసుకుని, దయతలిచి మూడేళ్ళు వేసింది. పై కోర్టు అప్పీలు వినే నాటికి ఏడాది గడిచింది. "పాత శిక్షలు లేని మనిషివి. ఈ ఏడాదితో సరిపెట్టి ఇంటికి పంపేస్తారు" అని వకీలు ధైర్యం చెప్పాడు. మేస్త్రికి ఆ ధైర్యం చాలలేదు. ఎవరికీ చెప్పకుండా జైలు నుంచి సొంత చేతిరాతతో పై కోర్టుకు ఒక విన్నపం పంపాడు.

"అయ్యా, మునుపు సైకిల్ తాళం తీసినప్పుడు తీశానని ఒప్పుకున్నాను, శిక్షా అనుభవించాను. చేస్తే ఒప్పుకునే మనిషిని. ఇప్పుడు ఒప్పుకోవడం లేదంటే చేయలేదనే కదా."

తర్కంలో ఎక్కడా బీట లేదు. ప్రభుత్వ వకీలు దాన్ని రెండుసార్లు చదివి, పరమానందంతో ఎదురు అర్జీ పెట్టాడు. ముద్దాయి పాత నేరస్థుడు, అదీ తాళాల్లోనే. మూడేళ్ళు చాలవు, ఐదు కావాలి.

మేస్త్రి వకీలు, భార్య కలిసి జైలుకు వచ్చారు. ఇనుప జాలీకి ఇవతల మేస్త్రి, అవతల వాళ్ళిద్దరూ.

"నిన్నెవరు రాయమన్నారయ్యా?" అన్నాడు వకీలు.

"నిజమే కదండీ."

"అడక్కుండా చెప్పే నిజాన్ని అఘాయిత్యం అంటారు."

"పోనీ, అప్పీలు వెనక్కి తీసుకుందామండీ."

"నీది నువ్వు తీసుకుంటావు. వాళ్ళ అర్జీ ఎవరు తీసుకుంటారు? అది నడుస్తూనే ఉంటుంది." వకీలు గొంతు తగ్గించాడు. "పాత కేసు కాగితాలు చెదలు తినేశాయి. నీ ఉత్తరం తప్ప రుజువు లేదు. జడ్జి గారు అడిగితే, బుర్ర పనిచేయక రాశాను, అలాంటిదేం లేదను."

భార్య అందుకుంది. "పెళ్ళయి ఇరవై ఏళ్ళు. నాకే చెప్పలేదు ఆ సైకిల్ సంగతి. ఆ జడ్జి గారికి ఉత్తరం రాసి మరీ చెప్పారా?"

"నువ్వు అడగలేదుగా."

"ఆయన అడిగాడా మరి?" జాలీకి దగ్గరగా వంగి, మెల్లగా అంది. "ఒక్కసారి లేదనండి. ఇంటికొచ్చాక జీవితాంతం నిజమే చెబుదురుగాని."

మేస్త్రి రాత్రంతా ఆలోచించాడు. లేదంటే, చేసి కూడా ఒప్పుకోని మనిషవుతాడు. అప్పుడీ కేసులో ఆయన మాట ఎవరు నమ్ముతారు? ఉందంటే, పాత నేరస్థుడు. ఎటు తిప్పినా తిరగని తాళం ఆయన వృత్తిలో అదే మొదటిది.

కోర్టులో జడ్జి ఉత్తరం ఎత్తి చూపించాడు. "ఈ సైకిల్ సంగతి నిజమేనా?"

వకీలు దగ్గాడు. వెనక బల్ల మీద కూర్చున్న భార్య ముందుకు వంగింది. మేస్త్రి ఆమెను చూసి "లే..." అని మొదలుపెట్టాడు. మాట అక్కడే ఇరుక్కుంది.

"నిజమేనయ్యా."

జడ్జి మంచివాడే. ఉత్తరంలోని తర్కాన్ని మెచ్చుకున్నాడు గాని, తాళం తీసిన చెయ్యి మేస్త్రిదే అని అప్పీలు కొట్టేశాడు. పాత శిక్ష బయటపడింది గనక తగ్గించడానికి వీల్లేదన్నాడు. దాచకుండా చెప్పాడు గనక పెంచడానికి మనసొప్పడం లేదన్నాడు. మూడేళ్ళు మూడేళ్ళుగానే ఉండిపోయాయి. ఒక్క సైకిలు రెండు వైపులా పనిచేసి, మేస్త్రిని బయల్దేరిన చోటే దింపింది.

"ఇంకా రెండేళ్ళు," అంది భార్య, వ్యాను ఎక్కుతున్న భర్తతో. "దుకాణం నేను తెరుస్తాలెండి. బ్రష్షుతో ఎవరొచ్చినా ముందు పుక్కిలించి రమ్మంటాను."

మేస్త్రి నవ్వబోయి తలూపాడు.

జైల్లో ఆయన గది దగ్గర వార్డరు తాళంచెవితో కుస్తీ పడుతున్నాడు. నాసిరకం తాళం. దానికి నూనె పోసి బాగుచేసే పని ఏడాదిగా మేస్త్రిదే.

"మేస్త్రీ, మళ్ళీ బిగుసుకుంది. కాస్త చూడవయ్యా."

మేస్త్రి వంగి చూశాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు.

"ఎవరిదండీ ఈ గది?"

"నీదే కదయ్యా."

"నాదేనని రాసిచ్చేవాళ్ళున్నారా?"

"కోర్టే రాసిచ్చింది పొద్దున."

మేస్త్రి తలూపి, తాళంచెవి అందుకుని, రెండు విదిలింపుల్లో తలుపు తీసి, లోపలికి నడిచాడు.