ముల్లు పడిపోతే బండి పోయినట్టేనా

తిరుత్తణి బస్టాండు దాటి, మగ్గాల చప్పుడు వినిపించే వీధిలోకి తిరిగి మునిలక్ష్మి ఇల్లు ఎక్కడని అడగండి. ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. "పికప్పు మునిలక్ష్మా? గేటు ముందర బండి నిలిచుంటే ఉండాది, లేకుంటే లేదు" అంటారు, అంతే. ఆ వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, నూలుకు గంజి పెడతారు, మగ్గం మీద కూడా కూర్చుంటారు. బండి తోలే ఆడమనిషి మాత్రం ఈమె ఒక్కతే.

తోలడం ఎక్కడ నేర్చింది అంటారా? పుట్టిల్లు తిరువాలంగాడు. వాళ్ళదీ నేత ఇల్లే గానీ, మేనమామ ఒకాయన మగ్గం మీద నడుం విరగ్గొట్టుకోలేనని చెరుకు ట్రాక్టరు ఎక్కేశాడు. ఈ పిల్ల పావడా కట్టుకునే వయసునుంచే ఆయన పక్కన ఎక్కి, గేరు రాడ్డు మీద చెయ్యేసి కూర్చునేది. పెళ్ళయి తిరుత్తణికి వచ్చాక ఆ సంగతి కొన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నేసిన చీరలు తిరువళ్ళూరు షాపులకు చేర్చే ఆటోవాడు ఒకసారి వానలో మూటలు తడిపేసి, పైగా నోరు కూడా పారేసుకున్నాడు. ఆరోజు అంది, "మనమే ఒక బండి తీసుకుందాం. నేను తోల్తా."

భర్త నటరాజన్ నోట్లోంచి మాట రావాలంటే మగ్గం ఆగాలి. ఆయన మగ్గం ఆపడు. కాబట్టి ఆయన ఒప్పుకున్నాడనే లెక్క. అడ్డం పడింది బావ సుదర్శనం, నటరాజన్‌కు అన్న. ఇంటికి పెద్ద. బ్యాంకులో లోనుకు సంతకం పెట్టగలిగింది ఆయనే గనక బండి ఆయన పేరిటే వచ్చింది. మునిలక్ష్మి నెల తప్పకుండా కట్టి లోను తీర్చేసినా, బండి బుక్కులో పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

సుదర్శనం చెడ్డమనిషి అనుకునేరు. కాదు. అమావాస్య వస్తే బండి కడిగి, బ్యానెట్టు ఎత్తి ఇంజినుకు కూడా విభూతి పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ పగలగొట్టేది ఆయనే. ఆయన బాధల్లా టీ అంగడి. పొద్దున అక్కడికి పోయి కూర్చుంటే చాలు, ఎవడో ఒకడు అంటాడు, "ఏం సుదర్శనం, మీ మరదలు హారన్ కొడితే ఆర్టీసీ బస్సే పక్కకు పోతా ఉండాదే!" నలుగురూ నవ్వుతారు. ఆ నవ్వు ఇంటికొచ్చి అన్నంలో రాయిలాగా తగులుతుంది ఆయనకు.

ఆడికృత్తిక తిరునాళ్ళ జనం తగ్గిన తరువాత జరిగింది ఇది. మునిలక్ష్మి చీరల మూటలు వేసుకుని తిరువళ్ళూరు పోతోంది. కనకమ్మసత్రం దగ్గర బండి ఒక గుంతలో ఎగిరింది; ఎదురుగా మీటర్లలో ఆయిలు ఒత్తిడి చూపించే ముల్లు ఒక్కసారి వణికి, కిందికి పడిపోయింది. సున్నా మీద చచ్చిన పామల్లే పడుకుంది.

ఇంజినులో ఆయిలు తిరగకపోతే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని ముద్దయిపోతాయి. చప్పున ఇంజిను ఆపేసి, బండిని ఆ ఊపులోనే రోడ్డు పక్కకు తెచ్చింది. బ్యానెట్టు ఎత్తింది. ఆయిలు చూసే కమ్మీ లాగి, చీర కొంగుకు తుడిచి, మళ్ళీ ముంచి చూసింది. ఆయిలు నిండుగా ఉంది. వంగి కింద చూసింది. ఒక్క చుక్క కారలేదు. ఒక్క క్షణం స్టార్టు చేసి చెవి పెట్టింది. ఒత్తిడి లేని ఇంజిను ఎండు చింతకాయల్లాగా గలగలమంటుంది. ఇది అనలేదు. ఎప్పటి గొంతే.

అయినా అక్కడినుంచి తోలలేదు సుమండీ. మొండిదే గానీ మూర్ఖురాలు కాదు. మూటలు వేరే బండిలో ఇంటికి పంపించి, పికప్పును తాడు కట్టించి లాగించుకుంటూ తిరుత్తణిలో మోహన్‌రాజ్ షెడ్డుకు తెచ్చింది.

మోహన్‌రాజ్ చేతిపని తెలిసినవాడే. ఇంజిను పక్కన చిన్న బుడిపె లాంటి సెన్సారు ఒకటి ఉంటుంది. లోపలి ఒత్తిడి కనిపెట్టి తీగె మీదుగా ముల్లుకు చెప్పేది అదే. దాన్ని తీసి కొత్తది బిగించాడు. బండి స్టార్టు చేశాడు. ముల్లు లేవలేదు.

"అక్కా, కొత్త సెన్సారు పెట్టినా లేయలేదంటే ఇంగేముండాది? ఆయిలు పంపు పోయినాది. బేరింగులూ పోయుంటాయి. ఇంజిను దించాల."

"పోయుంటే అరిచుండదా రా? విను, ఎంత చక్కగా ఉండాదో."

"చెవితో చూస్తారా అక్కా ఇంజిను? మీటరే చెప్తా ఉండాదే!"

"మీటరు చెప్తే? అది దేవుడా? అబద్ధం చెప్పదా?"

వాళ్ళిద్దరూ ఇలా వాదులాడుతుండగానే వార్త టీ అంగడికి చేరిపోయింది. టీ అంగడినుంచి సుదర్శనానికి చేరడానికి ఎంతసేపు? ఆయన షెడ్డుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంజినును ఒకసారి, మరదల్ని ఒకసారి చూశాడు.

"పోదుం మునిలక్ష్మీ, ఇంక చాలు. ఇంజిను దించేదీ వద్దు, ఎక్కించేదీ వద్దు. ఊత్తుకోటలో పాత బండ్ల బ్రోకరుండాడు, రేపు మధ్యాహ్నం రమ్మంటాను. ఉన్నదున్నట్టు ఎత్తుకుపోనీ."

"బావా, బండికి ఏమైనాదో తెలీకుండానే అమ్మేస్తావా?"

"పోయినాదని మోహన్ చెప్తా ఉండాడు గదా. నువ్వు ఇన్నాళ్ళు తిరిగింది చాలు. ఇంట్లో కండెలు చుట్టేదానికి మనిషి లేదు."

ఆ మాటతో మునిలక్ష్మికి అర్థమైపోయింది. బావకు కావలసింది ఇంజిను పోవడమే. ముల్లు పడింది, ఆయనకు దారి దొరికింది. బండి పోతే తనకు కండెల మూల తప్ప ఇంకేమీ మిగలదు.

"సరి బావా. ఇంజిను పోయుంటే నేనే తాళంచెవి తెచ్చి నీ చేతిలో పెడ్తాను, కండెల ముందర కూర్చుంటాను. పోలేదంటే మాత్రం నా బండి మీద చెయ్యి పడగూడదు. మధ్యాహ్నం గదా నీ బ్రోకరు వచ్చేది? అంతవరకూ దీన్ని ఎవురూ ముట్టుకోవద్దు. మోహనూ, నీకే చెప్పేది. ఒక్క బోల్టు ఇప్పినావంటే మర్యాదగా ఉండదు."

మర్నాడు తెల్లారగానే లోకల్ రైలెక్కి తిరువళ్ళూరు పోయింది. అక్కడ వరదయ్య అని ట్రాక్టర్లు, కరెంటు లేనిచోట తిరిగే ఆయిలు మోటార్లు బాగుచేసే పెద్దాయన. మూటలు దించడానికి పోయినప్పుడల్లా పలకరించే మనిషి. ఆయన దగ్గర, ఇంజినుకు నేరుగా బిగించి ఒత్తిడి చూసే చేతి మీటరు ఉందని ఆమెకు తెలుసు.

"మామా, నీ చేతి మీటరు ఎత్తుకుని లెయ్. తిరుత్తణికి పోవాల."

"ఏమ్మే, పొద్దున్నే పోలీసోళ్ళ మాదిరి వచ్చినావు? ఇడ్లీ తిననియ్యవా?"

"రైల్లో తిందువు. కట్టించుకొస్తాను."

"చట్నీ కారితే నా పంచె పాడైపోతుంది."

"నా బండి పోతా ఉండాది మామా, నీకు పంచె కావాల్నా?"

వరదయ్య ఆమె ముఖం చూసి సంచీ తీశాడు.

వాళ్ళు షెడ్డుకు చేరేటప్పటికి బ్రోకరు ముందే వచ్చి కూర్చున్నాడు. తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు. టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు. సుదర్శనం, పక్కన టీ అంగడి వాళ్ళు నలుగురు. నటరాజన్ కూడా వచ్చాడు. మగ్గం ఆపి వచ్చాడంటే విషయం పెద్దదే అని అందరికీ తెలిసింది.

"ఇంజిను పోయిన బండికి వైద్యమేందమ్మా?" అన్నాడు బ్రోకరు. "నాకు ఊత్తుకోట బస్సుకు టైమవుతా ఉండాది."

"పోయిందో లేదో చూసి మాట్లాడన్నా. సుమ్మా ఇరు, ఊరికే ఉండు."

వరదయ్య కొత్త సెన్సారును విప్పి, ఆ రంధ్రంలో తన చేతి మీటరు గొట్టం బిగించాడు. "స్టార్టు చెయ్యమ్మా" అన్నాడు. మునిలక్ష్మి తాళం తిప్పింది. చేతి మీటరు ముల్లు సైనికుడిలాగా నిలబడింది.

"ఇంజిను చల్లగుండాది, అందుకే" అన్నాడు సుదర్శనం.

"వేడెక్కనీ బావా. యాడికి పోతుంది?"

ఇంజిను వేడెక్కేదాకా అందరూ నిలబడ్డారు. ముల్లు కొంచెం దిగింది. సుదర్శనం ముఖంలో కళ వచ్చింది. వరదయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. "వేడైతే ఇంత దిగాల్సిందే. ఆయిలు పల్చబడుతుంది గదా. ఇది మంచి ఇంజిను. పంపూ మంచిదే, బేరింగులూ మంచివే. ఈ బండిని పోయినాదని చెప్పిందెవురు?"

మోహన్‌రాజ్ తల గోక్కున్నాడు. "అయితే ముల్లు ఎందుకు లేయలేదు మామా?"

"సెన్సారు మార్చినావు. మధ్యలో తీగెనడిగినావా?" అంటూ వరదయ్య ఇంజిను ఆపించి, తన మీటరు తీసి సెన్సారు బిగించాడు. తాళం మాత్రం తిప్పి ఉంచమన్నాడు. సెన్సారుకు తగిలించే తీగె కొసను ఇంజిను ఇనుముకు ఒక్క క్షణం ఆనించాడు. తీగె బాగుంటే లోపల ముల్లు పైకి లేవాలి. మునిలక్ష్మి కళ్ళార్పకుండా చూసింది. లేవలేదు.

"ఇంజిను చెప్పే మాట ముల్లు దాకా పోవడంలేదు. దారిలో యాడనో తెగినాది" అన్నాడు.

మునిలక్ష్మి ఇంక ఆగలేదు. తానే దిగి, తీగెను వేలితో తడుముకుంటూ పోయింది. బ్యాటరీ వెనక, మామూలుగా చూస్తే కనిపించని చోట, వేలికి ఏదో గట్టిగా తగిలింది. లాగి వెలుతురులోకి తెచ్చింది. ఎలుక కొరికిన తీగెను ఎవరో అతికారు. ఎట్లాంటి అతుకు! రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, బొటనవేలితో నలిపి పురి తిప్పి, పైన నూలుపోగు చుట్టి, గంజి పూసి ఆరబెట్టారు. తెగిన పడుగు పోగును నేతగాళ్ళు అతికినట్టే, ముద్దుగా, సన్నగా. కాకపోతే తీగె మీద ప్లాస్టిక్కు తియ్యనే లేదు. కొరికిన కొసల్లో రాగి కొంచెం తగులుతూ ఉన్నన్ని రోజులూ ముల్లు నడిచింది. కనకమ్మసత్రం దగ్గర గుంతలో బండి ఎగిరేసరికి విడిపోయింది.

ఆమె దాన్ని అందరికీ కనిపించేట్టు ఎత్తి పట్టుకుంది. నటరాజన్ తొంగి చూశాడు. "ఇది మా అన్న పురి" అన్నాడు. "ఎడమచేతి పురి. మన వీధిలో ఇంకెవురు తిప్పుతారు ఇట్ల?"

టీ అంగడి వాళ్ళలో ఒకడు ఫక్కుమన్నాడు.

సుదర్శనం మెడ ఎర్రబడింది. "అమావాస్యకు విభూతి పెట్టేటప్పుడు తెగి వేలాడతా ఉండె. వదిలేస్తే బాగుంటుందా? మంచికే గదా అతికినాను! పోగు అతికితే తెగుతుందా యాడన్నా?"

"చీరకైతే తెగదు బావా" అంది మునిలక్ష్మి. "నువ్వు మంచికే చేసినావు, కాదనను. నాకొకమాట చెప్పింటే సరిపోయుండు. కానీ నిన్న ఇంజిను పోయినాదని అమ్ముతానంటివి గదా, ఇప్పుడు ఇంజిను ఉండాది. ఇంకేం కారణం చెప్తావో చెప్పు. నలుగురు ఉండారు, వింటారు."

"బ్రోకరుకు మాటిచ్చినాను."

"నువ్వు ఇచ్చిన మాట నువ్వే తిరిగి తీసుకో. నా బండినెందుకు ఇస్తావు?"

"బుక్కులో పేరు నాది..."

"ఆ సంగతి కూడా రేపు మాట్లాడదాం. ఆర్టీఓ ఆఫీసు తిరువళ్ళూర్లోనే గదా, నేనే తోలుకుపోతాను నిన్ను."

సుదర్శనం తమ్ముడి వైపు చూశాడు, సాయానికి. నటరాజన్ గొంతు సవరించుకున్నాడు. "ఆమె తోల్తా ఉంటేనే మన చీరలు తడవకుండా పోతా ఉండాయన్నా" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం ఆ వీధి వాళ్ళు అంతకుముందు వినలేదు.

మోహన్‌రాజ్ ప్లాస్టిక్కు ఒలిచి, రాగిని రాగికి మెలేసి టేపు చుట్టాడు. మునిలక్ష్మి స్టార్టు చేసింది. ముల్లు లేచి తన చోట నిలబడింది. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. "ఇంటికాడ మూటలు నిన్నటినుంచి పడున్నాయి. ఎత్తేదానికి చేతులు కావాల బావా" అంది. సుదర్శనం పంచె పైకి కట్టి, బండి వెనక ఎక్కాడు.

మూటలు ఎక్కించాక వరదయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. బ్రోకరు ఫోన్లు చూసుకుంటూ వచ్చాడు. ఆయన బస్సు ఎప్పుడో పోయింది. "తిరువళ్ళూర్లో దించేస్తావా అమ్మా? అక్కడినుంచి ఊత్తుకోట బస్సు పట్టుకుంటాను" అన్నాడు, చిన్నగా.

"ఎక్కన్నా. కొనేదానికి వచ్చిన బండి, ఎక్కి అయినా చూసుకో."

తిరువాలంగాడు కూడలి దాటేవరకూ బ్రోకరు కళ్ళు ఆ ముల్లు మీదినుంచి తియ్యలేదు. గుంత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబడుతున్నాడు.

"ముల్లును నేను చూసుకుంటాను గానీ, నువ్వు రోడ్డు చూడన్నా" అని మునిలక్ష్మి గేరు మార్చింది. "దాన్నే చూస్తా ఉంటే కడుపులో తిప్పుతుంది."