అట్ట మీది పేరు

బెంగళూరు నగర్తపేటలో ఎస్తేరు ఇంట్లో పాట కావాలంటే దీపం తీసేయాలి. ఆ ఇంటికి ఉన్నది ఒకే ఒక్క బల్బు. రికార్డు పెట్టె తీగను ఆ బల్బు తగిలించే చోటే తగిలించాలి. కాబట్టి అక్కడ వెలుతురైనా ఉండేది, పాటైనా ఉండేది, రెండూ ఒక్కసారిగా ఉండేవి కావు. పట్టపగలు కూడా మసక చీకటిగా ఉండే ఇల్లది. కింద రాగిబిందెల కార్ఖానా. పొద్దున ఎనిమిదికి మొదలైన సుత్తి దెబ్బలు సాయంత్రం దాకా ఆగేవి కావు. ఆ చప్పుడులోనే పదిహేనేళ్ళు కూర్చుని ఆమె తండ్రి ఐజాక్ చెవులు సగానికి పైగా పోగొట్టుకున్నాడు.

ఎస్తేరు కంటోన్మెంటు వైపు ఒక మిషను ఆస్పత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ముప్పై దాటేదాకా అడిగి, తర్వాత విసుగొచ్చి మానేశారు. తల్లి పోయాక తండ్రికి ఆమె, ఆమెకు తండ్రి. అంతకంటే ఎవరూ లేరు, కావాలని ఆమె అనుకోనూ లేదు.

ఆ రికార్డు పెట్టె ఆమె కొన్నది కాదు. పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో మిసెస్ రొజారియో అనే ఆంగ్లో ఇండియన్ ముసలావిడ తుంటి విరిగి మూడు నెలలు ఆమె వార్డులో పడి ఉంది. తిండి బాగాలేదని, దుప్పటి గరుకని, దేవుడు చెవిటివాడని తిట్టిపోసే ఆ మనిషి, ఎస్తేరు చేతి ఇంజెక్షనుకు మాత్రం నోరు మెదిపేది కాదు. కొడుకు వచ్చి ఆమెను ఆస్ట్రేలియాకు తీసుకుపోతూ, ఓడలో అంత సామాను పట్టదన్నాడు. అప్పుడు ఆమె తన పెట్టెనూ నాలుగు పెద్ద రికార్డులనూ ఎస్తేరు చేతిలో పెట్టింది. నాలుగూ ఒకే గాయనివి. అమెరికాలోని నల్లవాళ్ళ ఆడపడుచు. జాజ్ అంటారట ఆ సంగీతాన్ని.

"ఈమె పాడేటప్పుడు గిన్నెలు తోముతూ వినకు. కూర్చుని విను" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పి మరీ వెళ్ళింది ముసలావిడ.

ఎస్తేరు కూర్చునే విన్నది. మొదటి రోజు ఏమీ నచ్చలేదు. తాళం ఒక చోట ఉంటే ఈమె ఇంకో చోట ఉందేమిటి అనుకుంది. చిన్నప్పటి నుంచి సంఘంలో కీర్తనలు పాడిన మనిషి, తాళం తప్పితే ఒళ్ళు జలదరిస్తుంది. నాలుగో రోజుకో ఐదో రోజుకో అర్థమైంది. ఆమె తాళం తప్పడం లేదు, కావాలనే వెనకబడుతోంది. బరువు మోసేవాళ్ళు ముందరి వాళ్ళను పోనిచ్చి తమ నడక తాము నడిచినట్టు, వాయిద్యాలను ముందు పంపి తాను నిదానంగా వస్తుంది. చివరికి అందరూ చేరే చోటికి సరిగ్గా చేరుతుంది. గొంతు తియ్యగా ఉండదు. కాస్త బొంగురు. కానీ ఒక మాట అని ఊరుకున్నప్పుడు, ఆ ఊరుకోవడంలో ఇంకా ఏదో చెబుతున్నట్టే ఉండేది. పదహారు గంటలు డ్యూటీ చేసి కాళ్ళు పీకుతున్నప్పుడు ఆ గొంతు వింటే, నా కష్టం తెలిసిన మనిషి ఒకతె ఎక్కడో ఉంది అనిపించేది. ఇంట్లో ఆమెను "ఆ యమ్మ" అనే చెప్పుకునేవాళ్ళు. ఐజాక్‌కు పాట వినిపించేది కాదు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, దాని అదురు చూసి తల ఊపేవాడు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. నాలుగో రికార్డుకు గీత పడిందని ఎస్తేరు దాన్ని పక్కన పెట్టింది. అరవై ఒకటిలో బళేపేటలో కొత్త సూది కొనుక్కొచ్చి, ఒక మధ్యాహ్నం సరే చూద్దామని దాన్ని వేసింది. మూడో పాట మొదలైంది. వాయిద్యాలు లేవు. ఆ యమ్మ ఒక్కతే ఎత్తుకుంది. ఎస్తేరు చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది.

అది నాయన పాట.

నాయన పాట గురించి చెప్పకపోతే ఈ మనిషి గురించి చెప్పినట్టే కాదు. ఐజాక్ ఇరవై ఏళ్ళ వయసులో కడప సీమలో ఒక అమెరికా మిషను బంగళాలో పంకా లాగేవాడు. గోడ కన్నంలోంచి వచ్చే తాడు పట్టుకుని వరండాలో కూర్చుని లాగుతుండాలి, లోపల గదిలో పంకా ఊగుతుంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కునికిపాట్లు పడుతూ తాడు లాగుతుంటే ఆయనకు ఒక వరస వచ్చింది. "దేవుడు తాడెంబడి దించినాడు" అనేవాడు. దానికి మాటలు కట్టాడు. నా తలపై మూట దించవయ్యా అని పల్లవి. కట్టెల మూట మోసే తల్లిని తలచుకుని కట్టాడు. ఆ కీర్తన నోటి నోటా పాకింది. ఆ తర్వాత ఆయన బైబిలు చెప్పే ఉపదేశి అయ్యాడు, ఊళ్ళు తిరిగాడు, బెంగళూరు వచ్చాడు. కీర్తన ఆయనకంటే ముందే ఇక్కడికి వచ్చి ఉంది. పెళ్ళికీ చావుకీ దాన్నే పాడేవాళ్ళు.

తెలుగు కీర్తనల పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. కీర్తన పైన రాగం, తాళం వేస్తారు, కింద కట్టినవారి పేరు చిన్న అక్షరాల్లో వేస్తారు. ఐజాక్ కీర్తన పైన మోహన రాగం, ఆది తాళం అని ఉండేది. కింద పేరు ఉండాల్సిన చోట ఒక గీత ఉండేది, అంతే. పంకా లాగేవాడి పేరు ఎందుకులే అనుకున్నారో, నిజంగానే తెలియదో. ప్రతి ఆదివారం ఆ కీర్తన వచ్చినప్పుడు, కంఠతా వచ్చినా సరే, ఐజాక్ ఆ పేజీ తీసి ఆ గీత మీద బొటనవేలు పెట్టి పాడేవాడు. తెలుగు సంఘం యాభై ఏళ్ళ పండుగకు కొత్త పుస్తకం వేస్తున్నామని, ఈసారి గీత తీసేసి పేరు వేస్తామని సంఘం సెక్రటరీ ఆనందరావు మాట ఇచ్చిన రోజు, డెబ్బై రెండేళ్ళ ఆ మనిషి మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చాడు.

ఇప్పుడు ఆ వరసే, సంగతి సంగతీ, ఎక్కడో అమెరికాలో ఎవరో పాడుతున్నారు. ఎస్తేరు పెట్టె ఆపి, బల్బు తగిలించి, రికార్డు అట్ట వెనక్కి తిప్పింది. అక్కడ సన్నటి అక్షరాల్లో ఒక్కొక్క పాట పుట్టుక రాసి ఉంది. ఆస్పత్రి ఇంగ్లీషు వేరు, ఈ ఇంగ్లీషు వేరు. నిఘంటువు దగ్గర పెట్టుకుని చదివింది. మూడో పాట నూరేళ్ళ కిందటిది. పత్తి మూటలు మోసిన బానిసలు పాడుకున్నది. గాయని దాన్ని తన అమ్మమ్మ నోట విన్నది. చివరి వాక్యానికి నిఘంటువు అక్కర్లేకపోయింది. కట్టినవారి పేరు తెలియదు.

ఇన్నేళ్ళుగా ఎస్తేరు నాయన పంకా కథ వెయ్యిసార్లు విన్నది. తాడుకు అవతలి కొసన గదిలో ఎవరున్నారని ఒక్కసారైనా అడగాలని తోచలేదు. అమెరికా నుంచి వచ్చిన మిషను దొరసాని ఉంది. హార్మోనియం ఉంది. గోడకు కన్నం ఉంది. నాయన అబద్ధం ఆడలేదు. నిద్రలో ఆమె నోట విన్నదాన్ని దేవుడు ఇచ్చాడనుకున్నాడు.

చెప్పకుండా ఉండిపోవచ్చు. కానీ పుస్తకం అచ్చయ్యాక ఏ దొరో, ఏ చదువుకున్నవాడో లేచి, ఈ వరస ఈయనది కాదంటే? నలుగురిలో నాయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? దానికంటే నేనే ముందు చెప్పడం నయం అనుకుంది. వారం రోజులు ధైర్యం కూడగట్టుకుని, కార్ఖానాకు సెలవున్న ఒక మధ్యాహ్నం బల్బు తీసి పెట్టె తగిలించింది. తండ్రిని పక్కన కూర్చోబెట్టి, పాట వచ్చే పెట్టె ముందరి జల్లెడకు చెవి ఆనించమని చెప్పి, మూడో పాట మీద సూది దించింది.

ఐజాక్ ముఖం మొదట ముడుచుకుంది. తర్వాత నోరు తెరుచుకుంది. తర్వాత కళ్ళ నీళ్ళు కారాయి.

"ఏమ్మే, ఇది నా పాట!"

"నాయనా, ఒక మాట చెప్తా ఇను..."

"నా పాట అమెరికాకు పోయినాదమ్మే! ఆ దొరసాని తీసుకపోయింటాది. ఎంత దూరం పోయినాదో చూడు. ఆ యమ్మ నోట్లో పడినాది!"

"నాయనా, ఆ దొరసాని నీ దగ్గర నేర్చుకునిందా, నువ్వే..."

"ఏంది? గట్టిగా చెప్పు."

ఎస్తేరు గట్టిగా చెప్పలేకపోయింది. కాలు తీసేయాలని రోగికి చెప్పిన మనిషి, బిడ్డ దక్కలేదని తల్లికి చెప్పిన మనిషి. ఈ ఒక్క ముసలాయన ముందు మాత్రం పెట్టె ఆపి బల్బు తగిలించే పని పెట్టుకుంది. "ఏం లేదులే నాయనా" అంది.

ఆదివారానికి సంఘమంతా తెలిసిపోయింది. ఐజాక్ ఒక్కొక్కరినీ భుజం పట్టుకుని ఆపి చెప్పాడు. సోమవారం ఆనందరావు మెట్లెక్కి వచ్చాడు. ప్రకటన చేయడానికి విషయం దొరికితే ఆయనకు ఆ వారమంతా పండుగే.

"సిస్టరమ్మా, ఆ రికార్డు పండగ రోజు ఇయ్యల్ల. మైకులో ఏస్తాము. మన అయ్యవారి పాట అమెరికాలో పాడతా ఉండారంటే ఊరికేనా!"

"అది పాత రికార్డు అన్నా, గీతలు పడుండాది."

"గీతలుంటే ఉండనీ. బేగ ఇచ్చేస్తాం."

ఆనందరావుకు ఇంగ్లీషు చదవడం వచ్చు. ఎస్తేరు అట్ట తీసి పరుపు కింద పెట్టి, రికార్డును దిండుగలీబులో చుట్టి ఇచ్చింది. అట్ట ఏదంటే చినిగిపోయిందని చెప్పింది. అది ఆమె మొదటి అబద్ధం. ఆ యమ్మ అమ్మమ్మనూ, పేరు లేని ఆ మూటలవాళ్ళనూ పరుపు కింద తొక్కేసినట్టు అనిపించి, ఆ రోజు అన్నం సయించలేదు.

పండుగ నాడు గుడి నిండిపోయింది. పెట్టె ముందు మైకు పెట్టారు. ఐజాక్‌ను ముందు వరసలో, లౌడు స్పీకరు ఎదురుగా కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. పాట మొదలైంది. రెండో చరణానికి జనం తెలుగు మాటలతో కలిశారు. ఐజాక్ తొడ మీద తాళం వేస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళలో ఇంత గట్టిగా, ఇంత స్పష్టంగా ఆయన చెవిన ఏదీ పడలేదు. చివరికి ఆ యమ్మ మాటలు వదిలేసి, నోరు మూసి, వరసను గొంతులోనే తిప్పుకుంది. బిడ్డను నిద్రపుచ్చేవాళ్ళు అలా తిప్పుతారు. గదిలో ఒంటరిగా ఉన్నవాళ్ళు కూడా.

ఐజాక్ చెయ్యి తొడ మీద ఆగిపోయింది. చిరునవ్వు అలాగే ఉండిపోయింది కానీ దాని వెనక మనిషి లేడు. ఆయనకు ఏదో గుర్తుకొచ్చిందని ఎస్తేరుకు తెలిసిపోయింది. లేచి వెళ్ళి పెట్టె ఆపాలనిపించింది. రెండు వందల మంది మధ్య కూర్చున్న చోటి నుంచి కదల్లేకపోయింది.

ఇంటికి వచ్చాక ఐజాక్ మంచం మీద కూర్చున్నాడు. దండ తీసి గూట్లో పెట్టాడు. నశ్యం పీల్చాడు. తర్వాత నిదానంగా అన్నాడు.

"ఆ దొరసాని మద్యాన్నం పూట నోరు మూసుకోని పాడతా ఉండేదమ్మే. మరిచేపోయినా."

ఎస్తేరు గూట్లోని దండను సర్దింది.

"ఆ రికార్డు అట్ట ఎత్తుకరా. దాంట్లో ఏం రాసుండాదో చదువు."

ఆయనకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. ఎస్తేరు పరుపు కింద నుంచి అట్ట తీసింది. బల్బు వెలుగుతోంది. అక్షరాలన్నీ సుబ్బరంగా కనబడుతున్నాయి. తండ్రి ఆమె పెదవులనే చూస్తున్నాడు. ముఖం అంత చిన్నదైపోయి ఉంది. ఆ ముఖం చూస్తూ నిజం చదివే శక్తి ఆమెకు లేకపోయింది. దేవుడిస్తాడనుకుంది, ఇవ్వలేదు.

"ఈ పాటను ఇండియా దేశంలో కడప సీమ వాడైన ఐజాక్ కట్టినాడు" అని గట్టిగా చదివింది.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"నా పేరు యాడుండాది? వేలు పెట్టి చూపీ."

ఎస్తేరు వేలు కాసేపు గాలిలోనే ఆగింది. తర్వాత చివరి వాక్యం మీద దిగింది. కట్టినవారి పేరు తెలియదు అన్న చోట. ఆయన ఆమె వేలు పక్కకు తీసి, నశ్యం అంటిన తన బొటనవేలు అక్కడ ఆనించాడు.

"పెద్ద అచ్చరాలేనా?"

"పెద్దవే నాయనా."

ఆయన నమ్మాడో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. నమ్మకపోయినా ఆ రోజు మాత్రం తల ఊపాడు. ఆ తర్వాత ఆదివారం ఆదివారం గుడి నుంచి వచ్చి అట్ట అడిగేవాడు. చదవమనేవాడు కాదు. వేలు పెట్టి కాసేపు కూర్చుని తిరిగి ఇచ్చేసేవాడు. అరవై మూడు వేసవిలో రెండు రోజుల జ్వరంతో పోయాడు. మట్టి చేసేటప్పుడు అందరూ ఆ కీర్తనే పాడారు. ఎస్తేరు పెదవులు మాత్రం కదిపింది.

పండుగకు అందని కొత్త పుస్తకం ఆ వానాకాలం వచ్చింది. ఆనందరావు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. గీత పోయి దాని చోట తండ్రి పేరు ఉంది. ఆ పక్కన, ఆనందరావు చలవ వల్ల, అమెరికాలో కూడా పాడబడుచున్నది అని ఒక ముక్క అదనంగా ఉంది. ఎస్తేరు థాంక్స్ చెప్పి కాఫీ ఇచ్చి పంపింది.

ఆ యమ్మ పాటలు ఆమె వినడం మానలేదు, మానడం చేతకాలేదు. కానీ నాలుగో రికార్డు వినాలనిపించిన రోజున, ముందు బల్బు తీసేసేది. ఆ తర్వాతే అట్టను చేతిలోకి తీసుకునేది. వెలుతురులో చూస్తే ఆ చివరి వాక్యం మీద బొటనవేలంత గోధుమరంగు మరక కనబడుతుంది. కింద అక్షరాలు మాత్రం ఇంకా చదవడానికి వస్తాయి.