మూడో ఆదివారానికి ముందే

కిందటి బుధవారం పొద్దున్న మా పక్కింటి అత్త పోయింది. కిడ్నీ. ఊరూరా ఆ జబ్బే ఉన్న మా ఉద్దానం వాళ్ళకి అంతకు మించి విడమరిచి చెప్పనక్కర్లేదు. కబురు చుట్టాలకంటే ముందు మా రాక్ బ్యాండ్ అభిమానుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పెట్టింది ఆమె కూతురే. "అమ్మ ఎల్లిపోనాది. మీకే ముందు సెప్పమంది" అని. అరవై దాటిన మనిషి, పలాసలో జీడిపప్పు పొట్టు తీసి బతికిన మనిషి, రాక్ బ్యాండ్‌కి అభిమాని ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. మొదట్లో మేమూ నవ్వినవాళ్ళమే.

ఆ బ్యాండ్ విశాఖ కుర్రాళ్ళు నలుగురిది. మన యాసలోనే పాటలు కట్టి, గిటార్లు మోగిస్తూ గొంతు చించుకుని పాడతారు. ఫ్యాక్టరీలో ఎవరో ఫోన్లో ఆ పాట పెడితే అత్త పని ఆపి మరీ విందట. సాయంత్రం గోడ మీంచి నన్ను పిలిచింది.

"ఏరా, ఎవుల్రా ఆళ్ళు? మన మాట్లోనే అరుత్తన్నారు. ఆ పాటలన్నీ నా ఫోన్లో ఎక్కించు."

అప్పటి నుంచి కొత్త పాట వచ్చినప్పుడల్లా మేమంతా చేరేది ఆమె వరండాలోనే. జీడిపప్పు బద్దలు వేయించి, కారం చల్లి పళ్ళెంలో పెట్టేది. పాట మధ్యలో ఎవరైనా నోట్లో వేసుకుంటే మాత్రం ఊరుకునేది కాదు. "అయ్యాక తినండ్రా, మీ కరకరలే ఇనబడతన్నాయి" అని కసిరేది.

ఈసారి ఆల్బమ్ వచ్చిన రోజు గ్రూపు భగ్గుమంది. డ్రమ్స్ దాదాపు లేవు. అరుపులు అసలే లేవు. గాయకుడు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పాడాడు. ఇది రాక్ కాదు, జోలపాట అన్నారొకరు. ముసలివాళ్ళైపోయారన్నారు ఇంకొకరు. టెక్కలి కాలేజీ అమ్మాయి ఏడుపు బొమ్మలు వరసగా పెట్టింది. గ్రూపు నడిపేది అక్కుపల్లి కుర్రాడు, సముద్రం మీద వేటకి వెళ్ళే ఇంటివాడు. అతనికైతే ఒళ్ళు మండిపోయింది. "గ్రూపు మూసెత్తన్నాను. ఈళ్ళ కోసం ఇంకేటి కొట్టుకుంతాం?" అని రాశాడు.

అత్తకి గుండెల్లో రాయి పడింది. డయాలసిస్ మొదలయ్యాక పని మానేసింది. ఆమెకి బయటి లోకమంటూ మిగిలింది చర్చీ, మా గుంపూ. మర్నాడే అతన్ని పిలిపించింది. నేనూ అక్కడే ఉన్నాను.

"పూర్తిగా ఇన్నావేటి?"

"ఇన్నేదత్తా. రెండో పాటకే బుర్ర తిరిగిపోనాది."

"పాడినావేటి?"

"నానెందుకు పాడతాను? పాడాల్సినోళ్ళు ఆళ్ళు కదా!"

"మా సర్చిలో కొత్త పాట నేర్పితే, మూడాదివారాలు పాడేదాకా నచ్చింది, నచ్చనేదు అనకూడదు. నోటితో పాడితేగానీ పాట రుసి తెలవదు. మూడాదివారాలు రండి, అందరం పాడదాం. నా మాటా అప్పుడే సెప్తాను. ఆ తరవాత నువ్వు గ్రూపు మూసినా నానేటీ అనను."

చర్చిలో ఆ నియమం పెట్టిందీ ఆమే. కొత్త పాటంటే సణిగే పెద్దవాళ్ళ నోళ్ళు మూయించడానికి పెట్టింది. నాకు తెలిసి ఎవరూ ఎదురు చెప్పలేదు.

మొదటి ఆదివారం అందరం గొణిగాం. అక్కుపల్లి కుర్రాడు పెదవులు కదిపాడంతే. ఆమె కనిపెట్టేసింది. "సేపనాగ నోరు తెరుత్తన్నావు, గొంతేదిరా?" అంది. అతనికీ నవ్వాగలేదు.

ఆ వారం డయాలసిస్‌కి నేనే తీసుకెళ్ళాను. ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో పెట్టుకుని, రెండోది పక్క మంచం ఆవిడకి ఇచ్చింది. ఆల్బమ్ అయిపోతే మళ్ళీ మొదటి నుంచి పెట్టించింది. "మిషన్‌కి కట్టేసినాక నానెక్కడికి పోతానురా? ఆళ్ళు మెల్లగా పాడినా నాకేటీ తొందర నేదు" అంది.

"నచ్చిందా అత్తా?" అన్నాను.

"మూడో ఆదివారం" అని కళ్ళు మూసుకుంది.

రెండో ఆదివారం ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. అయినా ప్రతి పాటా ఎత్తుకున్నది ఆమే. బుధవారం పోయింది. చెప్తానన్న మాట చెప్పకుండానే పోయింది. నాకది బాధే, దాచుకోను. ఆమెకి అరుపులంటేనే ఇష్టం కాబట్టి ఈ ఆల్బమ్ నచ్చకపోయి ఉండొచ్చు కూడా. కానీ ఒక్కటి గట్టిగా చెప్పగలను. ఇన్నాళ్ళూ అభిమానులమని చెప్పుకు తిరిగామే గానీ, మాకు వినడం నేర్పింది ఆమే. అందుకు ఆమెకి రుణపడి ఉన్నాం.

మూడో ఆదివారం ఎవరూ రారనుకున్నాను. ఆమె కూతురు మాత్రం ఎప్పట్లాగే కుర్చీలు వేసింది. టెక్కలి అమ్మాయి బస్సు దిగి వచ్చింది. ఒక్కొక్కరే చేరారు. అక్కుపల్లి కుర్రాడు అందరికంటే ఆఖర్న వచ్చాడు. ఎప్పుడూ ఎత్తుకునేది ఆమే కదా, ఇప్పుడెవరు ఎత్తుకోవాలో తెలియలేదు. చివరికి అతనే ఎత్తుకున్నాడు. మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా ఒక్కటీ వదలకుండా పాడాం.

అయ్యాక అందరం అతని వైపే చూశాం. గ్రూపు ఉంటుందో ఊడుతుందో తేలాలి కదా.

"అబద్ధం సెప్పను. నాకిప్పటికీ నచ్చనేదు" అన్నాడు. "మూడాదివారాలు సాలవు గావాల. వొచ్చే ఆదివారం కూడా పెట్టుకుందాం."

ఆమె కూతురు చప్పున లోపలికి వెళ్ళిపోయింది. అతను బండి తీశాడు గానీ స్టార్ట్ చెయ్యలేదు. సందు చివరి దాకా తోసుకుంటూ వెళ్ళాడు, ఆ నచ్చని పాటల్లోదే ఒకటి పాడుకుంటూ.