ఇనపతాడు అవతలి కొసన

ఒట్టు వెయ్యమంటే వేస్తాను. నా మీద వేస్తే మీరు నమ్మరు, నా ఖరీదెంతో నాకూ తెలుసు. ఈ అరచేతి మీద వేస్తాను. చూడండి... ఇది జాతకం గీత కాదు, ఇనపతాడు గీసిన గీత. ఆ తాడు మీద ఒట్టు. నేను చెప్పేది జరిగింది. జరిగింది ఏమిటో మాత్రం నాకు తెలీదు.

అప్పటికింకా కొండ మీదికి రైలు రాలేదు. విశాఖలో హార్బరు తవ్వుతున్నారని చెప్పుకునే రోజులు. మన్యంలో దుంగలు కొట్టి కిందికి పంపేవారు. బొర్రాకి ఇవతల ఒక లోయ ఉంది, దాని అడుగున ఏరు. దుంగలు లోయలో, బళ్ళు గట్టు మీద. ఆ రెండింటికీ మధ్య నేనూ, నా వించీ. భీమిలి రేవులో సరుకు దించే వించి తిప్పడం నేర్చుకున్నానని నన్ను తెచ్చి కొండ మీద పెట్టారు. రేవులో ఉన్నన్నాళ్ళూ నాకు ఈత రాలేదు. కొండెక్కడం కూడా రాదని ఇక్కడికొచ్చాక తెలిసింది.

వించి అంటే పెద్ద మిషనేం కాదు. ఒక ఇనప చట్రం, అందులో పడుకోబెట్టిన పీపాలాంటి డ్రమ్ము, తిప్పడానికి చేతిపిడి. పిడి తిప్పితే తాడు డ్రమ్ముకి చుట్టుకుంటుంది, కొసన కొక్కానికి తగిలించిన దుంగ పైకి వస్తుంది. తాడు వెనక్కి జారకుండా పళ్ళచక్రం మీద చిన్న ఇనప నాలుక ఒకటి పడుతూ ఉంటుంది. కట్... కట్... కట్...

కూలీలు ఆ డ్రమ్ముని డోలు అనేవారు. "ఇది కొట్టే డోలు కాదు, చుట్టే డోలు" అనేవాణ్ణి. ఎవరూ నవ్వేవారు కాదు. సుక్రి ఒక్కతే నవ్వింది. అందుకే పెళ్ళి చేసుకున్నాను.

సుక్రి డుంబ్రిగుడ వైపు కొండ మనిషి. మా దగ్గర ఆమె పని వెనక్కి పట్టడం. కొసన దుంగ లేని ఉత్త తాడుని చుడితే వదులుగా పడుతుంది, ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కుతుంది. తర్వాత దుంగ బరువు పడగానే పైవరస కిందివాటి మధ్యకి దిగబడుతుంది. తాడు నలుగుతుంది, ఒకనాటికి తెగుతుంది. అందుకని ఉత్త తాడు చుట్టేటప్పుడు అవతలి కొసన ఒక మనిషి వెనక్కి ఒరిగి, బిగబట్టి, తాడుతో పాటు అడుగులో అడుగేసుకుంటూ పైకి రావాలి. పైన నేను లాగాలి, కింద ఆమె లాగాలి. అప్పుడే చుట్ట సాఫుగా పడుతుంది. మా కాపరమూ అంతే లెండి.

తాడుకున్న గ్రీజు అంటకుండా విస్తళ్ళు కుట్టే అడ్డాకుని నాలుగు మడతలు పెట్టి దాంతో పట్టుకునేది. నోట్లో అడ్డపొగ. నిప్పు లోపలికి పెట్టి కాల్చే చుట్ట. చీకట్లో ఆమె వస్తుంటే నిప్పు కనపడేది కాదు, ముందు వాసన వచ్చేది. ఆమె పట్టకపోతే నా చుట్ట సరిగ్గా పడేది కాదు, ఆమె చుట్ట మాత్రం ఆరేది కాదు.

"నానొగ్గీసినానంటే నీ డోలు డొల్లే!" అని కింద నుంచి అరిచేది. ఆ లోయంతా నవ్వేది. మా ఇద్దరికీ ఒక గుర్తు ఉండేది. తాడు ఒకసారి గుంజితే తిప్పమని. రెండుసార్లు గుంజితే ఆగమని.

వానాకాలం ఆఖర్న ఆమెకు కొండజ్వరం వచ్చింది. డోలీ కట్టి కిందికి మోసుకెళ్ళబోయాం. ఘాటీ సగం కూడా దిగలేదు... డోలు దగ్గర దొరికిన మనిషి డోలీలో పోయింది. మాట కుదిరిందని సంతోషం లేదు నాకు. ఒక్కోసారి మాటలు మనల్ని అడక్కుండానే కుదురుతాయి.

లోయ అడుగున, ఏటి గట్టున మట్టి చేశాం. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని ఒకటే చెప్పింది. "పేరెట్టి పిలవకు బాబూ. పోయినోలు ఆల దారినాలు పోవాల. ఎనక్కి లాగకూడదు."

ఆ తర్వాత నాకు తాడు చుట్టడం చేతకాలేదు. కొసన వేరేవాళ్ళు పట్టినా, నా చెయ్యే ఆగేది. ఏదో గుంజుడు కోసం చూసేవాణ్ణి. చూస్తూండగానే తాడు అడ్డదిడ్డంగా ఎక్కేసేది. పాత తాడు నలిగి పనికిరాకుండా పోయింది. కొత్తది బండి మీద వచ్చింది.

మేస్త్రి మావాడే, విజయనగరం వైపు. పాత తాడు చూసి తల పట్టుకున్నాడు. "ఏటిరా అప్పన్నా, తాడు సుట్టమంటే ముగ్గెట్టినావు? ఇది కూడా నలిపేసినావంటే భీమిలి పోతావు. పొద్దుటికి సుట్టి ఉండాల. మొదటి సుట్టే గట్టిగా పడాల, తెలిసిందా?"

భీమిలి పోతే నాకు తిండికి లోటు లేదు. కానీ ఏటి గట్టున ఆ మట్టి దగ్గరికి సాయంత్రం ఎవరు దిగుతారు?

ఆ రోజు సంత. కూలీలు పొద్దున్నే కొత్త తాడు ఒక కొస డ్రమ్ముకి బిగించి, మిగతాది లోయలోకి పరిచేసి సంతకి పోయారు. వెనక్కి పట్టే మనిషి లేడు. నాకొక ఉపాయం తోచింది. కిందికి దిగి, మనిషి బరువుకి బదులు చిన్న మొద్దు ఒకటి కొక్కానికి కట్టాను. మళ్ళీ పైకెక్కేసరికి బాగా చీకటి పడింది. మంచు. లాంతరు డ్రమ్ము పక్కన పెట్టి తిప్పడం మొదలుపెట్టాను.

కట్... కట్... కట్...

మొద్దు నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. తాడు బిగువుగానే ఉంది. మొదటి వరస పక్కపక్కనే కుదురుగా పడింది. ఫర్వాలేదురా అప్పన్నా, అనుకున్నాను.

అప్పుడు... కింద ఏదో ఊడింది.

తాడు ఒక్కసారిగా వదులైంది. మొద్దు దొర్లుతోంది. బండ మీద పడింది. మళ్ళీ దొర్లింది. తర్వాత... నీళ్ళు. ధబ్బుమని. నా చెవులతో విన్నాను.

అంటే కొక్కానికి ఇప్పుడేమీ లేదు.

పిడి మీద చెయ్యేసి నిలబడిపోయాను. ఇప్పుడు మళ్ళీ దిగి కట్టలేను. చుడితే వదులు. చుట్టకపోతే పొద్దున భీమిలి. ఏడుపొచ్చింది. పెద్దగానే ఏడ్చాను, వినేవాళ్ళు ఎవరున్నారు గనక? పిలవొద్దని అత్త చెప్పింది. తెలుసు. అయినా నోటికి వచ్చేసింది.

"సుక్రీ..."

లోయలో ఏమీ లేదు. ఏటి చప్పుడు.

తర్వాత తాడు కదిలింది.

మెల్లిగా... నేల మీద వాలి ఉన్న తాడు మెల్లిగా లేచింది. బిగిసింది. దాని మీది మంచు బొట్లు టపటపా రాలాయి. లాంతరు వెలుగులో చూశాను. నేను తిప్పలేదు. నా చెయ్యి పిడి మీద ఉంది, అంతే.

ఒక గుంజుడు.

తిప్పాను. ఏం చెయ్యమంటారు? తిప్పాను. కట్... కట్... ఎంత లాగితే అంత వెనక్కి పడుతోంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ బరువు నా భుజానికి తెలుసు. మొద్దు బరువు మొండిగా ఉంటుంది. ఇది అడుగు పడినప్పుడల్లా కొంచెం వదులై మళ్ళీ బిగుస్తోంది. నడిచే మనిషి బరువు.

ఒక వరస నిండింది. దాని మీద రెండోది. రీలు మీద దారంలా పడుతోంది. భయం ఉందా అంటే ఉంది. కానీ చేతులు... చేతులు సంబరంగా ఉన్నాయి. తాడు చుట్టుకున్నకొద్దీ కొస దగ్గరవుతుంది. కొస దగ్గరైనకొద్దీ... ఆ లెక్క నాకు వచ్చు.

పొగాకు వాసన వచ్చింది.

గట్టు అంచు దాకా లాంతరు వెలుగు పోదు. నిప్పు కోసం చూశాను. కనపడలేదు. కనపడదు కదా. ఆ నిప్పు ఎప్పుడూ కనపడేది కాదు.

"రా," అన్నాను. "వచ్చేయ్. ఇంకొంచెమే." పిడి గబగబా తిప్పాను.

రెండు గుంజుళ్ళు.

ఆగాను. ఎప్పుడూ అలాగే ఆగేవాణ్ణి, చెయ్యే ఆగిపోయింది. తాడు వరస తప్పిందేమోనని లాంతరెత్తి చూశాను. తప్పలేదు. నా జన్మలో అంత సాఫుగా చుట్టలేదు. మరి ఎందుకు ఆగమంది?

ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే కొక్కెం గట్టెక్కుతుంది. పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాను. తాడు బిగువుగానే ఉంది. అవతల కూడా ఎవరో అలాగే నిలబడ్డట్టు. ఎంతసేపో తెలీదు. తర్వాత తాడు నెమ్మదిగా... చాలా నెమ్మదిగా... వదులైంది. ఒగ్గేసినట్టు కాదు. దించి పెట్టినట్టు.

తెల్లారి మేస్త్రి వచ్చి డ్రమ్ము మీద చెయ్యి రాశాడు. వేలితో నొక్కి చూశాడు. ఏ వరసా కదల్లేదు. నా మొహం చూశాడు.

"బాగుందిరా. కింద ఎవలు పట్టినారు?"

ఆయనే అంచు దాకా వెళ్ళి కిందికి చూసి, "అడ్డతీగలేటో తగులుకుని ఉంటాయిలే. ఆటిని లాక్కొచ్చినావు," అన్నాడు. అయ్యుండొచ్చు. ఆ వాలంతా అడ్డతీగలే. తీగ సాగుతుంది, బిగుస్తుంది, తెగుతుంది. కానీ తీగ అడుగులేస్తుందా? నా మొద్దు మాత్రం ఏట్లోనే దొరికింది. కొక్కెం దగ్గర గ్రీజుకి ఒక అడ్డాకు అంటుకుని ఉంది. నాలుగు మడతలుగా నలిగి ఉంది. ఈడ్చుకొచ్చేటప్పుడు నలిగిందేమో.

నన్ను భీమిలి పంపలేదు. ఆ ఆకు తీసుకెళ్ళి అత్తకి చూపించాను, జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆకు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తీగాకే బాబూ," అంది. "ఉత్త తీగాకు."

నేను లేచి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది... ఈ ఏడాది సోళ్ళ చేను ఎలా పండిందో, మేక ఎప్పుడు ఈనిందో. ఆకు మాత్రం తిరిగివ్వలేదు. మూసిన గుప్పిట్లోనే ఉంచుకుంది.

ఇప్పటికీ నా చెయ్యి నన్ను అడుగుతూ ఉంటుంది. ఆ నాలుగు తిప్పులూ తిప్పి ఉంటే గట్టు మీదికి ఏం వచ్చేదని. తీగే వచ్చేదేమో. అప్పుడు నాకు ఏదీ మిగిలేది కాదు. ఒకవేళ తీగ కాకపోతే...

ఆగమంది. ఆగాను. ఎందుకు ఆగమందో, నాకోసమో, తనకోసమో... అడగడానికి ఆ తాడు మళ్ళీ ఎప్పుడూ బిగియలేదు.